ఎవరి చర్మానికి ఎంత నీడ

చర్మవ్యాధుల చదువు పూర్తిచేసిన పిల్లలకు భద్రాచలం వైపు పోస్టింగ్ పడితే మొహాలు ముడుచుకుంటాయి. నాకు ఫోన్ చేసి, "అక్కడేముంటుంది మేడమ్, గజ్జీ తామరా తప్ప?" అంటారు. ఉద్యోగమంతా ఆ అడవి అంచునే చేసి, రిటైరై ఖమ్మంలో స్థిరపడినదాన్ని కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకుంది. గజ్జీ తామరా ఉంటాయి, బోలెడు. వాటి వైద్యం మీ పుస్తకాల్లో ఉంది. మీ పుస్తకాలు సరిగ్గా చెప్పనిది ఇక్కడి ఎండ గురించి, దాని కింద బతికే రకరకాల చర్మాల గురించి. నాకు తెలిసింది రాస్తున్నాను.

నల్లతోలుకు ఎండేంది?

నేను చేరేనాటికి మా దవాఖానా సూపరింటెండెంటు ఒక సర్జన్. అందరం పెద్దసారు అనేవాళ్లం. కత్తి పడితే చెయ్యి వణకదు, రోగి దగ్గర విసుక్కోడు. తనకు తెలిసినదాని మీద నమ్మకం మాత్రం కాస్త ఎక్కువ. నేను వెళ్లి నమస్కారం పెట్టిన రోజునే చెప్పేశారు.

"స్కిన్ చదివినవా అమ్మా? మంచిది. ఎండ జబ్బులు గిట్ల ఇక్కడ ఎతకకు. మనది నల్లతోలు. దేవుడు గొడుగు పట్టే పంపిండు మనల్ని."

ఈ మాట సగం నిజం. సగం నిజంతో వైద్యం చేసేవాడు అసలేమీ తెలియనివాడికన్నా ప్రమాదం. నల్లని చర్మంలోని రంగు ఎండకు అడ్డమే. ఆ రంగున్న వాళ్లకు బొబ్బలెక్కడం తక్కువ, ఎండవల్ల చర్మ క్యాన్సర్ రావడం అరుదు. కానీ ఆ చర్మం తన బాధ తాను పడుతూనే ఉంటుంది. దోమ కుట్టినచోట, మొటిమ గిల్లినచోట మచ్చ పడి, దాని మీద ఎండ కాస్తే నెలల తరబడి పోదు. మిరపకాయ కోతలకు వెళ్లే ఆడవాళ్ల బుగ్గల మీద మంగు పరుచుకుంటుంది. పైగా పుస్తకంలో "ఎర్రటి దద్దుర్లు" అని ఉంటుంది. మన కూలీ మనిషి చేతి మీద ఆ ఎరుపు ఊదాగానో బొగ్గురంగులోనో కనిపిస్తుంది. చూడటం రానివాళ్లు "ఏమీ లేదు పో" అని పంపేస్తారు.

అందుకే మొహంరంగు చూసి నేనెప్పుడూ లెక్క కట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగేదాన్ని: "ఎండలో తిరిగొస్తే నీ చర్మం ఎర్రబడుతుందా, నల్లబడుతుందా?" నల్లబడుతుందంటే మచ్చల మీద కన్నేయాలి. ముందు ఎర్రబడి, మండి, తర్వాత నల్లబడుతుందంటే రెండు బాధలూ ఉన్నట్టే. ఇక మూడో జవాబొకటి ఉంది. అది నేను మొదటిసారి విన్నది తునికాకు కోతల కాలంలో.

కొంగు కింద పిల్ల

ఎండలు ముదిరే వేళ అడవి అంచున ఉన్న ప్రతి ఊరూ బీడీలు చుట్టే తునికాకు కోతకు పోతుంది. తెల్లవారకముందే అడవిలోకి వెళ్లి, ఆకు తెచ్చి, కట్టలు కట్టి, కల్లంలో బోర్లా పరిచి ఎండబెడతారు. ఆ రోజుల్లో జూలూరుపాడు అవతలి తండా నుంచి ద్వాళి అనే ఆవిడ పదేళ్ల కూతురిని తీసుకొచ్చింది. పిల్ల మొహం మీద తల్లి కొంగు కప్పి ఉంది. తియ్యమన్నాను.

జుట్టు మొక్కజొన్న పీచు రంగులో ఉంది. కనురెప్పల వెంట్రుకలూ అంతే. బుగ్గలు, ముక్కు, చెవుల అంచులు ఉడికినట్టు ఎర్రబడి బొబ్బలెక్కాయి. కింది పెదవి చీలి నెత్తురు కారుతోంది. కిటికీ వెలుతురుకే కళ్లు చికిలిస్తోంది. పేరు సునీత.

"ఎండకు పోతే నల్లబడుతుందా?" అని అలవాటుగా అడిగాను.

"నల్లగ యాడైతదమ్మా! ఎన్నేండ్లు తిరిగినా గింతే. కాలుతది, ఊడుతది, మళ్ల కాలుతది" అంది ద్వాళి. తర్వాత గొంతు తగ్గించి, "మా తండల దీన్ని పెద్దరోగం, కుష్టు అంటరు. నా మొగడేమో ఏదో పాపం తగిలిందంటడు. నిజం చెప్పు, ఇది అంటుకుంటదా?" అని అడిగింది.

"అంటుకునేది కాదమ్మా. అసలు రోగమే కాదు. నీ ఒంట్లో, నా ఒంట్లో చర్మానికి రంగు తయారవుతుంది. ఈ పిల్ల ఒంట్లో పుట్టుకతోనే తయారుకాదు. ఎండకు అడ్డం పడే రంగు లేదు కాబట్టి ఆ అడ్డం మనం పెట్టాలి. అంతే."

సునీత మొదటిసారి నోరు విప్పింది. తనకు రంగు వస్తుందా అని అడుగుతుందనుకున్నాను.

"అయితే నేను బడికి పోవచ్చా?" అంది.

ఆ సంవత్సరం తండ్రి బడి మాన్పించాడట. బొబ్బలకు మందిచ్చి, పెదవికి లేపనమిచ్చి, ఇంటినుంచి బయటికి వచ్చే ప్రతిసారీ రాయాల్సిన సన్‌స్క్రీన్ పేరు రాసిచ్చాను. అది దవాఖానాలో లేదు, బయట కొనుక్కోవాలి. కొనలేరని నాకు తెలుస్తూనే ఉంది. నేరుగా పెద్దసారు గదికి వెళ్లాను.

"సార్, ఇలాంటి పిల్లలకు ఇది మందే. మనమే ఇవ్వాలి."

పెద్దసారు నేను సంచిలోంచి తీసి చూపిన నా ట్యూబు మీది బొమ్మ చూసి నవ్వారు. "సోకు క్రీములు సర్కారు దవాఖానల పంచుతమా అమ్మా? ఇయాల ఇదంటవు, రేపు పౌడరంటవు."

ఆ నవ్వులో చెడ్డతనం లేదు. అందుకే వాదించడం ఇంకా కష్టమైంది.

చీకటి గది

వానలు పడ్డాక ఒక క్యాంపు మీద ఆ తండా వైపు వెళ్లాను. సునీత ఇల్లెక్కడని అడిగితే తండ్రి హరిలాలే ఎదురొచ్చాడు. మర్యాదగా మంచం వాల్చి, గర్వంగా ఇంట్లోకి తీసుకెళ్లి చూపించాడు. కిటికీకి గోనెసంచులు కొట్టాడు. పైన రేకుల సందుల్లో బట్టలు కుక్కాడు. ఆ చీకట్లో మూలన చాప మీద సునీత కూర్చుని ఉంది.

"మీరు చెప్పినట్టే చేసిన మేడం. ఎండ తగలొద్దంటిరి. గడప దాటనిస్తలేను" అన్నాడు.

కోపం తెచ్చుకుందామంటే ఆ మనిషి మొహంలో ప్రేమ తప్ప ఏమీ లేదు.

"హరిలాల్, నేను ఎండ వద్దన్నాను గానీ వెలుతురు వద్దనలేదయ్యా" అన్నాను.

"రెండు ఒకటే గద మేడం?"

"కాదు. పొద్దుటి పూట బడికి నడవచ్చు. నీడన ఆడుకోవచ్చు. ఒళ్లు కప్పుకుని ఊరంతా తిరగచ్చు. నడిమధ్యాహ్నం నెత్తి మీద ఎండ పడకుండా చూసుకుంటే చాలు."

ఆయన తల వంచుకున్నాడు. "ఎండ సంగతి సరే. మనుషుల సంగతేంది? దారిల పోతుంటే నవ్వుతరు మేడం. నా బిడ్డను చూసి ఇంకొకడు నవ్వితే నేను ఓర్వలేను."

అప్పటికి తెలిసింది ఆ గోనెసంచులు ఎందుకు కొట్టాడో. ఎండ ఒక్కటే కారణమైతే డాక్టరు చెప్పగానే పీకేసేవాడు. వెలుపల గుమ్మం దగ్గర ద్వాళి ఏడుస్తోంది. నేను చాప మీద పిల్ల పక్కన కూర్చుని, "నువ్వేమంటావే?" అని అడిగాను.

"నవ్వితే నవ్వనీ. నేను చూడను గద, నాకు దూరం కనబడదు" అంది సునీత.

హరిలాల్ పకపకా నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే సంచులు పీకేశాడు.

అంతటితో అయిపోలేదు. నేను చెప్పినట్టు వెడల్పు అంచున్న టోపీ కొన్నారు. నాలుగునాళ్లకే అది పొలంగట్టు కింద కాలవలో తేలింది. ద్వాళి కూతుర్ని దవాఖానాకు ఈడ్చుకొచ్చి, "నువ్వే అడుగమ్మా" అంది.

"టోపీ పెడితే దొరసాని అంటున్నరు" అంది పిల్ల. "చున్నీ అయితే ఎవలూ ఏమనరు. బండ్ల మీద పోయే అక్కలందరు మొహానికి కట్టుకుంటరు గద."

నిజమే కదా! మా వైపు స్కూటీ మీద వెళ్లే ప్రతి ఆడపిల్లా కళ్లు మాత్రం కనబడేలా చున్నీ చుట్టుకుంటుంది. అందరూ కట్టేదే కడితే ఎవరూ తిరిగి చూడరు. కాకపోతే ద్వాళి తెచ్చిన చున్నీ పల్చన. దాన్ని కిటికీకి అడ్డంగా పట్టి చూపించాను. అవతలి చెట్లు కనిపించాయి. "చెట్లు కనిపిస్తే ఎండకూ దారి ఉన్నట్టే" అన్నాను. ద్వాళి దానికి ముదురు నీలం నేత గుడ్డ లోపల అస్తరు వేసి కుట్టింది. నిండు చేతుల జాకెట్టు, కళ్లకు నల్లద్దాలు, బడిలో కిటికీకి దూరంగా, రంగు లేనివాళ్లకు చూపు కూడా మందం కాబట్టి బోర్డుకు దగ్గరగా ముందు వరసలో చోటు. ఆ పంతులమ్మ మంచిది, ఒక్క మాటకే ఒప్పుకుంది.

మీరు ఎంత గొప్ప జాగ్రత్తయినా చెప్పండి, మనిషి దాన్ని కాలవలో పడేస్తే అది వైద్యం కాదు. ఏది వేసుకుంటారో ముందు వాళ్లను అడగండి.

పెద్దసారు కత్తి

మొహానికి, చెవులకు, మెడ వెనక రాయడానికి క్రీము మాత్రం కావాలి. గుడ్డ కప్పని చోటును అదే కాపాడాలి. నేను అప్పుడప్పుడూ కొనిచ్చేదాన్ని గానీ అలా ఎంతమందికి కొనగలను? సునీతలాంటివాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారని మెల్లగా తెలుస్తోంది.

వాళ్లలో ఒకరు బుచ్చయ్య. పినపాక వైపు సంతల్లో కుండలు అమ్మేవాడు. నలభై దాటిన మనిషి, పుట్టుకతో రంగు లేదు. ఏళ్ల తరబడి తలకు తువ్వాలు కూడా లేకుండా ఎండలో కూర్చున్నాడు. ఒకనాడు డ్రెస్సింగు గది ముందునుంచి పోతుంటే ఆయన చెవి మీద కట్టు విప్పుతున్నారు. అంచులు గట్టిపడి, నడుమ గుంటపడి, ముట్టుకుంటే నెత్తురొచ్చే పుండు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"పోయిన చలికాలంకెళ్లి తల్లీ. కట్టు కడ్తున్నరు, గోలీలిస్తున్నరు. మానుతలేదు."

ఆ గోలీలు రాసింది పెద్దసారే. పుండు ముక్క తీసి పరీక్షకు పంపాను. క్యాన్సర్ అని వచ్చింది. ఆ కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, మళ్లీ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

ఆపరేషను ఆయనే చేశారు. ఇంకొకరికి అప్పగించలేదు. మెడలోకి పాకలేదు కాబట్టి చెవి పోయింది గానీ మనిషి దక్కాడు. ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొచ్చి, చేతులు కడుక్కుంటూ నన్ను పిలిచారు.

"ఎంతమందున్నరమ్మా ఇట్లాంటోళ్లు?"

"ఇంకా వెతుకుతున్నాను సార్."

"ఎతుకు. జీపు తీస్కపో. ఆ సోకు క్రీము నేను తెప్పిస్త. ఎట్ల తెప్పిస్తనని అడగకు."

ఎట్లా తెప్పించారో నేనడగలేదు, ఇప్పటికీ తెలియదు. రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా ఆ అల్మారా ఖాళీ కానివ్వలేదు. పై అధికారులు తప్పు చేయరని కాదు. తప్పు కనిపించాక ఏం చేస్తారన్నదాన్నిబట్టే వాళ్లను తూచండి. నా తూకంలో పెద్దసారు బరువైన మనిషి.

ఒకే బెంచీ మీద ఇద్దరు

సునీత పదో తరగతి దాటి కొత్తగూడెంలో హాస్టల్లో ఉండి ఇంటరు చదవసాగింది. నెలకోసారి వచ్చే పిల్ల రావడం మానేసింది. చదువు ఒత్తిడి అనుకున్నాను. ఒకరోజు హాస్టలు నుంచే నేరుగా తీసుకొచ్చారు. మొహం, మెడ, చేతులు మోచేతుల దాకా కాలి బొబ్బలు. కళ్లు వాచి మూసుకుపోయాయి. చిన్నప్పుడు తల్లి కొంగు కింద చూసినదానికన్నా ఘోరం.

ఆ రోజు ఓపీ నిండా జనం. తడిగుడ్డలు వేసి, మందిచ్చి, నా గది బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అదే బెంచీ మీద సుగుణమ్మ కూర్చుని ఉంది. దమ్మపేట దగ్గర పామాయిలు తోటలున్న రైతుకుటుంబం, వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లానుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆమెది చామనఛాయ. మంగు మచ్చలు పోయి తెల్లబడుతుందని ఎవరో చెబితే, మందుల షాపులో అడిగి ఒక క్రీము కొని రెండేళ్లు పూసుకుంది. అందులో స్టెరాయిడ్ ఉంది. మొదట్లో మొహం మెరిసింది. తర్వాత చర్మం ఉల్లిపొరలా పల్చబడి, ఎర్రగా నరాలు తేలి, వరండాలోకి వచ్చినా మండే స్థితికి వచ్చింది. ఆపితే మంట ఎక్కువవుతుంది కాబట్టి మెల్లగా మాన్పిస్తున్నాను.

తలుపు తీసే ఉంది. వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"అయ్యో, ఏమైందమ్మా ఇలా కాలింది? నూనె పడిందా?" అంది సుగుణమ్మ.

"లేదు ఆంటీ. ఎండల కూసున్న."

"ఎందుకు కూర్చున్నావే?"

"మా రూముల ఒకామె చెప్పింది. రోజింత ఎండల కూసుంటే రంగు వస్తదని. క్రీము పూసుడు బంజేసి మేడ మీద కూసున్న. అందరి లెక్క నేను కూడ నల్లగైత అనుకున్న."

సుగుణమ్మ ఏం అంటుందోనని రాస్తున్న పెన్ను ఆపాను. ఆమె తన మొహం మీద కప్పుకున్న చీర చెంగు తీసేసింది. సునీత వాచిన కళ్ల సందులోంచి చూసింది.

"మీకేమైంది ఆంటీ?"

"తెల్లబడదామనుకున్నానమ్మా" అంది సుగుణమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు సునీతకు నవ్వొచ్చింది. బొబ్బలు లాగి "అబ్బా" అంది. దాంతో సుగుణమ్మకూ నవ్వాగలేదు. నా గదిలో ఉన్న రోగి కూడా ఏమిటా అని తొంగిచూశాడు. ఆ తర్వాత సుగుణమ్మ ఏడ్చింది. ఆ పిల్ల చెయ్యి కాలని చోట చూసి పట్టుకుని కూర్చుంది.

సునీతకు ఆ రోజు నేను ఉపన్యాసమివ్వలేదు. "రంగు రాదమ్మా, ఎంత కాల్చుకున్నా రాదు. ఇది నీ చర్మం" అన్నాను. "అవ్, తెలిసింది" అంది. ఆమె మళ్లీ క్రీము మానలేదు. సుగుణమ్మకు మామూలు చర్మం రావడానికి ఏడాదికిపైగా పట్టింది. మంగు పూర్తిగా పోలేదు. పూర్తిగా పోదని నేను ముందే చెప్పాను కాబట్టి ఆమె నన్ను నిందించలేదు.

చర్మాన్నిబట్టి జాగ్రత్త

ఇక్కడికి కొత్తగా వచ్చే డాక్టర్లకు కొన్ని మాటలు. రంగు లేని చర్మానికి ముందు గుడ్డ, తర్వాత నీడ, ఆ తర్వాతే క్రీము. క్రీము పల్చగా రాసి పొద్దున్నుంచి సాయంత్రందాకా సరిపెట్టుకోమంటే అది రాయనట్టే. రెండు మూడు గంటలకోసారి మళ్లీ దండిగా రాయాలి. మానని పుండు, గరుకు మచ్చ ఏది కనిపించినా ఆగకుండా చూపించుకోమనాలి. చామనఛాయ వాళ్లకూ నల్లనివాళ్లకూ మంగు ఉంటే తెల్లటి సన్‌స్క్రీన్ ఇవ్వకండి. బూడిద పూసినట్టు ఉంటుందని రెండోరోజే అవతల పడేస్తారు. పైగా మంగును ముదిరించేది కంటికి కనిపించే వెలుతురు కూడా. చర్మంరంగు కలిపిన క్రీము ఆ వెలుతుర్నీ కొంత ఆపుతుంది, మొహంలో కలిసిపోతుంది. నల్లనివాళ్లకు క్యాన్సర్ భయం పెట్టి క్రీములు అంటగట్టకండి. చేనులో పనిచేసే మనిషికి తలగుడ్డ, నిండు చేతుల చొక్కా, మధ్యాహ్నం చెట్టుకింద కాసేపు కూర్చునే వీలు చాలా మేలు చేస్తాయి. ఎవరైనా తెల్లబడే క్రీము వాడుతున్నామంటే డబ్బీ తెమ్మని మీ కళ్లతో చూడండి.

అన్నిటికన్నా ముందు, వచ్చినవాళ్ల చర్మాన్ని వేళ్లతో ముట్టుకుని చూడండి. దూరంనుంచి చూసి చీటీ రాసే డాక్టర్ని ఈ ప్రాంతం నమ్మదు. నమ్మకపోవడమే న్యాయం.

ప్రార్థన వేళ

సునీత ఇప్పుడు జూలూరుపాడు దగ్గర ఒక బడిలో టీచరు. పోయిన ఎండాకాలం ఒంటిపూట బడులు నడుస్తున్నప్పుడు పిల్లలకు చర్మం గురించి నాలుగు ముక్కలు చెప్పమని పిలిచింది. నేను వెళ్లేసరికి ప్రార్థన మొదలవలేదు. హెడ్మాస్టరు గారు, సునీత బడి మెట్ల మీద ఏదో మాట్లాడుకుంటున్నారు. పిల్లలు మైదానంలో వరసలు కట్టి నిలబడ్డారు. పొద్దున్నే అయినా ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. వరసల్లో అన్ని రంగుల పిల్లలూ ఉన్నారు. కొందరు పుస్తకాలు నెత్తిన పెట్టుకున్నారు.

సునీత నిండు చేతుల చుడీదార్‌లో, నల్లద్దాలతో, వెడల్పు అంచున్న గుడ్డ టోపీతో ఉంది. ఆ టోపీ ఇప్పుడు ఎవరికీ వింత కాదు.

ఆమె ప్రార్థనను వరండాలోకి మార్చాలంటోంది. ఆయన ఒప్పుకోవట్లేదు.

"చూడుండ్రి సునీత మేడం, మీ ఇబ్బంది నాకు తెలుసు. మీరు వరండాలనే నిలబడుండ్రి, ఎవరొద్దన్నరు? మీ ఒక్కరి కోసం బడంతా మార్చాల్నంటే ఎట్ల?" అన్నాడాయన. కఠినంగా ఏమీ అనలేదు, నచ్చజెబుతున్నట్టే అన్నాడు.

సునీత నవ్వింది.

"నా కోసం కాదు సార్. నాకు టోపీ ఉంది. పిల్లలకు లేదు."

ఆయన మైదానం వైపు తిరిగి చూశాడు. తర్వాత జేబులోంచి విజిల్ తీసి ఊదాడు. పిల్లలు వరసలు చెదరగొట్టుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వరండాలోకి పరుగెత్తుకొచ్చారు.